పిండిమరవాడి గొంతు

పక్కింటి ఇరీదె చెబుతోందట, గోడ అవతల ముసలాయన ఇంట్లో చలికాలం నుంచీ ఇద్దరు మగవాళ్ళు పోట్లాడుకుంటున్నారని. ఆ మాట ఆవిడ దగ్గుమందు కొంటూ మందుల షాపావిడతో అంది. మందుల షాపావిడ చర్చి మెట్ల మీద, నాటకశాలలో వేషాలు కుట్టే నీవెస్ చెవిన వేసింది. నీవెస్ ఇప్పుడు పెదాల మధ్య గుండుసూదులు బిగబట్టి, క్వింతో మరంగోని వేసుకున్న పిండిమరవాడి వేషం చొక్కాకి ఊడిన బొత్తాం కుడుతూ, ఆ సంగతి అతనికే చెబుతోంది. ఒంటరి మనిషి, ఇంకో మనిషి ఆ మెట్లెక్కడం ఎవరి కంటా పడలేదు, అయినా మధ్యాహ్నం పూట, ఊరంతా భోంచేసి కిటికీ రెక్కలు మూసుకున్నాక, ఆ గోడ వెనక రెండు గొంతులు. ఒకటి మాస్టారిది, అందరికీ తెలిసిందే, రేకు పళ్ళెంలో గులకరాళ్ళు దొర్లినట్టు బొంగురుగా ఉంటుంది. రెండోది నున్నగా, లోతుగా, నూతిలోంచి వచ్చినట్టు. ఒకటి అడుగుతుంది, ఒకటి బదులిస్తుంది. ఇరీదె మొదట్లో సరదా పడి వంటింటి గోడకి గ్లాసు ఆనించి మరీ వినేదట.

"ఈ వారం నుంచీ ఒక్కటే వినబడతాందంట మాస్టారూ," అంది నీవెస్, దారం పళ్ళతో తెంపి. "అది మీది కాదంట. ముసలాయన్ని ఆ రెండోవాడు ఏం చేశాడో ఏమిటో, పోలీసులకి చెప్పాలా వద్దా అని అడుగుతాందంట ఆ పిచ్చి మొహం."

నీవెస్ నవ్వింది. అతనూ అద్దంలోంచి నవ్వాడు, నోరు తెరవకుండా.

నోరు తెరవకపోవడాన్ని నీవెస్ తప్పు పట్టదు. ఆట ముందు గొంతు దాచుకునే నటులని నలభై ఏళ్ళుగా చూస్తోంది, కొందరు మెడకి ఉన్ని చుట్టుకుంటారు, కొందరు పచ్చి గుడ్డు మింగుతారు, ఈయన మౌనం పాటిస్తున్నాడు, అంతే కదా. ఆదివారం మ్యాట్నీ, ఇంకో గంటలో తెర లేస్తుంది, నీవెస్ ఒంటి మీద ఇంకా ఇంటి భోజనం వాసన, అడవి సోంపు వేసి వేయించిన కుందేలు వాసన. ఆ సోంపు వాసనకి అతనికి బారు గుర్తొచ్చింది. మొన్న గురువారం పొద్దున అక్కడ బారు నడిపే ఊగోని కాఫీ అడిగాడు, సోంపు సారా చుక్క వేసి ఇమ్మని, ఇరవై ఏళ్ళుగా అడుగుతున్నట్టే, అదే బల్ల దగ్గర, అదే మాట. ఊగో కప్పు కడుగుతున్నవాడు తలెత్తి అతని వైపు చూడలేదు, మూల మీద ఉన్న టీవీ వైపు చూశాడు. టీవీ కట్టేసి ఉంది. ఊగో నల్లటి తెర వైపు ఒక క్షణం చూసి, తడి చేత్తో మెడ రుద్దుకుని, అప్పుడు ఇటు తిరిగి, మీరేనా మాస్టారూ అన్నాడు, నవ్వాడు, కాఫీ ఇచ్చాడు, సారా కాస్త ఎక్కువే వేశాడు. కానీ కప్పు అందిస్తున్నప్పుడు వేలికి వేలు తగలకుండా బల్ల మీద పెట్టి తోశాడు. అది క్వింతో చూశాడు. మనుషుల చేతులు ఏం చేస్తాయో చూడడమే కదా అతని వృత్తి, కడుపులో ఉన్నప్పుడే నేర్చిన విద్య, వాళ్ళమ్మ జెలిందా ఏడో నెలలో కూడా రాణి వేషం కట్టి, పొట్ట మీద డాలు అడ్డం పెట్టుకుని యుద్ధానికి వెళ్ళిందట. ఐదోవాడు పుట్టాడు, పేర్లు ఆలోచించే ఓపిక ఎవరికీ లేక ఐదోవాడు అనే అర్థంతోనే క్వింతో అని పిలిచారు, వేషాల పెట్టె మూత తెరిచి అందులో పడుకోబెట్టారు.

ఆ పెట్టెలో నాఫ్తలీను వాసన, చెమట వాసన, ఎవరెవరివో వదిలేసిన మీసాల జిగురు వాసన. సినిమా వాళ్ళ దగ్గర అసలు వాసనే లేదు. అది మొదట అతనికి నచ్చింది. పో అనే నది ఒడ్డున నిజమైన పిండిమర, నిజమైన పిండి, అతనికి ముప్పై మూడేళ్ళు, కండలు తిరిగిన మనిషి. యుద్ధకాలంలో తమ్ముణ్ణి మరలో దాచిన పిండిమరవాడి వేషం. దర్శకుడు కెమెరా పక్కన నిలబడి మాట్లాడుతూనే ఉండేవాడు, తల తిప్పు, ఇప్పుడు చూడు, ఇంకా చూడు, వెనక వడ్రంగులు మేకులు కొడుతూ, ఎవడో రొట్టె తింటూ, ఎవరికీ శబ్దంతో పని లేదు, గొంతులు తర్వాత రోములో అతికించుకుంటారు. మాటలు కూడా ఇంకా రాసి లేవు. నోరు కదలాలి అంతే. అందుకని అంకెలు చెప్పమనేవారు. ప్రేమకీ అంకెలే, తిట్లకీ అంకెలే. సైనికులు తలుపు కొట్టే రాత్రి, భార్యని వెనక్కి నెట్టి, దీపం తగ్గించి, ఆ తలుపు వైపు చూస్తూ పిండిమరవాడు ఇటలీ అంతా ఏడ్చే ఆ మాట అన్నప్పుడు, క్వింతో నోట్లో ఉన్నది నలభై ఒకటి, నలభై రెండు. అలా లెక్కపెడుతూనే కన్నీళ్ళు తెప్పించాడు. చుట్టూ వడ్రంగులు కూడా మేకులు కొట్టడం ఆపారు. అది తన గొంతే. ఆ అంకెల్లో ఉన్నది తన గొంతే, అది ఎవరూ రికార్డు చెయ్యలేదు, గాల్లో పోయింది, నది మీద పడి కొట్టుకుపోయింది.

గొంతు అతికించే నెలలో అతను నాటక సమాజంతో సిసిలీలో ఉన్నాడు. నిర్మాత కబురు పంపాడు, రానక్కర్లేదు, నీ గొంతులో పల్లెటూరు ఉంది, అది టికెట్లు అమ్మదు, మంచి మనిషిని చూశాం అని. ఆ మంచి మనిషి పేరు సెవెరీనో. మొదటి ఆటకి క్వింతో అమ్మని తీసుకెళ్ళాడు, నల్ల పట్టు గౌను, అరువు ముత్యాలు, పక్క సీటు వాళ్ళందరికీ వాడు నా ఐదోవాడు అని చెప్పుకుంటూ కూర్చుంది. తెర మీద వాడి మొహం వచ్చింది, ఇల్లంత మొహం. నోరు తెరిచింది. లోపల్నుంచి వేరేవాడు మాట్లాడాడు. పెదాలు కుదిరాయి, ఊపిరి కుదిరింది, కోపం వచ్చినప్పుడు దవడ కింద నరం కదలడం కూడా ఆ గొంతుకి కుదిరింది, అదే ఘోరం, ఎక్కడా అతుకు కనబడదు. "తలుపెయ్యి. వచ్చింది ఎవరో నేను చూసుకుంటాను." హాలంతా ఊపిరి బిగబట్టింది. జెలిందా మాత్రం తల తిప్పి, పక్కన చీకట్లో కూర్చున్న కొడుకు మొహాన్ని చేత్తో తడిమి చూసింది, ముక్కు, పెదాలు, గడ్డం, పుట్టిన బిడ్డని తడిమినట్టు. తడిమి చెయ్యి వెనక్కి తీసుకుంది. బయటికొచ్చాక ఆ సినిమా గురించి ఒక్క ముక్క అనలేదు, చచ్చేవరకూ అనలేదు.

ఆ తర్వాత ఊరూరా, రైళ్ళలో, పెళ్ళిళ్ళలో, ఆస్పత్రిలో తన నాడి పట్టుకున్న డాక్టరు కూడా, తలుపెయ్యి మాస్టారూ, వచ్చింది ఎవరో నేను చూసుకుంటాను, అని గొంతు లోతుగా పెట్టి నవ్వించేవాళ్ళు. క్వింతో తలూపేవాడు. నాటకాల్లో మాత్రం తన గొంతుతో బతికాడు. రాజులు, లోభులు, మోసపోయిన మొగుళ్ళు, అందరికీ ఆ గులకరాళ్ళ గొంతే ఇచ్చాడు, పై బాల్కనీలో చివర కూర్చున్న చెప్పుల దుకాణం వాడికి కూడా వినబడేలా. నాటకం చూడ్డానికి కొత్తగా వచ్చినవాళ్ళ మొహాలు మొదటి మాటకి కాస్త వాడేవి, అతనికి వేదిక మీది నుంచి కనబడేది, ఇతను ఆయన కాదేమో అన్నట్టు. రెండో అంకానికల్లా వాళ్ళని లాక్కునేవాడు. ప్రతి ఊళ్ళో, ప్రతి సాయంత్రం, మొదటి అంకమంతా ఆ నున్నటి గొంతుని వాళ్ళ చెవుల్లోంచి తవ్వి పారెయ్యడానికే సరిపోయేది. గనిలో పని. నలభై ఆరేళ్ళు చేశాడు.

నీవెస్ చొక్కా భుజాలు సర్ది, ఇంకా ఏదో చెబుతోంది, పురపాలక సంఘం వాళ్ళు పూలు పంపారట, వసారాలో ఇవాళ, పోయిన సెవెరీనో పేరుతో జ్ఞాపకరాయి తెరుస్తారు కదా, దానికి. ఆ పూల బుట్టకి చనిపోయినవాళ్ళకి కట్టినట్టు ఊదారంగు రిబ్బను కట్టి పంపారు. ఊదారంగు, నాటకశాలలోకి. ఊదా బట్ట గుమ్మం దాటితే ఆ ఆట బతికి బట్టకట్టదని పసిపిల్లలకి కూడా తెలుసు, ఆ ఆఫీసులో వాళ్ళకి తెలియదు, పెద్ద పెద్ద చదువులట. తన కత్తెరతో కోసి, వీధిలోకి తీసుకెళ్ళి డ్రెయినులో పడేసి వచ్చానంది. కోసేటప్పుడు ఈ నాటకం ఆడిస్తున్న తాంక్రెది చూశాడట, పాలిపోయాడట, అయినా అలాంటివి నమ్మనట్టు నిలబడ్డాడట. అని సూదుల డబ్బా తీసుకుని, "అన్నట్టు ఆవిడొచ్చింది మాస్టారూ, సెవెరీనో గారి పెళ్ళాం. బస్సులో వచ్చింది, మిఠాయి పొట్లం పట్టుకుని. రోములో కూరగాయలమ్మేదంట, మనిషి గట్టిదే," అంటూ వెళ్ళిపోయింది.

తలుపు మూసుకుంది. అద్దం చుట్టూ దీపాలు, ఒకటి మిణుకుమంటోంది. తాంక్రెది మంచివాడు, దర్శకుడు కదా, కుర్రతనం ఇంకా పోలేదు, ఆ సినిమా చూస్తూ పెరిగానని కన్నీళ్ళతో వచ్చి ఒప్పించాడు, ముసలి పిండిమరవాడు ఆ రాత్రిని తలుచుకునే నాటకం, మీరు తప్ప ఎవరు వేస్తారు అన్నాడు. మొదటి రోజు అందరూ బల్ల చుట్టూ కూర్చుని చదివారు. క్వింతో ఆ మాట తన గొంతుతో చదివాడు, జీవితంలో మొదటిసారి, అంకెలు కాకుండా ఆ మాటే. ఎనభై ఏళ్ళ దగ్గర పడ్డ గొంతుతో, అమ్మ ఊరి యాసతో. ఎవరూ తలెత్తలేదు. కాగితాలు చూసుకున్నారు, ఒకమ్మాయి పెన్సిలు చెక్కుకుంది. చాలా బాగుంది మాస్టారూ, అన్నాడు తాంక్రెది, కాకపోతే జనం చెవుల్లో ఇంకోటి ఉంది. అప్పుడు, ఒళ్ళు మండి, వెక్కిరింపుగా, సెవెరీనో గొంతుని అచ్చంగా దింపాడు. పోయి రెండు నెలలైనా కాలేదు ఆ మనిషి. గొంతు దింపడం ఎంతసేపు, ముందు అవతలివాడి ఊపిరి పట్టాలి అనేది జెలిందా, ఎక్కడ పీలుస్తాడు, ఎక్కడ దాచుకుంటాడు, అది దొరికితే గొంతు దానంతటదే వచ్చి కూర్చుంటుంది. నలభై ఆరేళ్ళు తవ్విపోసిన గొంతు, దాని ఊపిరి అతనికి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది. తలుపెయ్యి, అన్నాడు. పెన్సిలు చెక్కుతున్న అమ్మాయి వేలు కోసుకుంది. తాంక్రెది లేచి నిలబడ్డాడు. ఎవరో తలుపు దగ్గరికి వెళ్ళి నిజంగానే మూశారు, తర్వాత సిగ్గుపడ్డారు.

అంత బాగా వచ్చినప్పుడు ఏ నటుడు వదులుతాడు. వదలలేదు. ఇంటికెళ్ళి కూడా చేశాడు, తన గొంతుతో అడిగి ఆ గొంతుతో బదులు చెప్పుకుంటూ, అది ఇరీదె విన్న పోట్లాట. రిహార్సలు అయ్యాక చన్నీళ్ళతో మొహం కడుక్కుని, తన పేరు తను పైకి చెప్పుకుని, వేషం దింపుకుని పడుకునేవాడు. ఇంట్లో అందరూ చేసేదే, జెలిందా చేసేది, ఆవిడ తమ్ముడు ఒలింతో మాత్రం చేసేవాడు కాదు. ఒలింతో మామకి గూనివాడి వేషం పేరు తెచ్చింది. రెండు దశాబ్దాలు ఊరూరా గూనివాడే, కొట్టులో ఉప్పు కొనేటప్పుడు కూడా గూనితోనే నిలబడేవాడు, పిల్లలు నవ్వుతారని. నవ్వేవారు. పోయినప్పుడు శవపేటికలో తిన్నగా పడుకోలేదు. ఇద్దరు మగవాళ్ళు భుజాలు నొక్కారు, మూత పడలేదు. పాదువా దగ్గర ఏదో పల్లె, వాన, చివరికి వడ్రంగి వచ్చి పేటిక అడుగున గుంట తవ్వాడు. చిన్నవాడు క్వింతో ఆ ఉలి చప్పుడు విన్నాడు. మామ వీపు మామూలుగానే ఉండేది, ఈతకి వెళ్ళినప్పుడు చూశాడు కూడా, నున్నటి వీపు. అది ఎప్పుడు వంగి ఉండిపోయిందో ఎవరికీ తెలియదు. మామకైనా తెలుసో లేదో. ఒక పొద్దున లేచి చొక్కా వేసుకోబోతే చెయ్యి అందకపోయి ఉంటుంది.

అద్దంలోకి వంగాడు. మీద రంగు, కింద ముసలి చర్మం. క్వింతో మరంగోని, అన్నాడు మెల్లగా.

నున్నగా వచ్చింది. లోతుగా, దగ్గరగా, హాల్లో దీపాలన్నీ ఆరాక వచ్చినట్టు. తన పేరే, ఎవరో తనని పిలిచినట్టు. మళ్ళీ అన్నాడు, గులకరాళ్ళ కోసం వెతుక్కుంటూ, గొంతు గీరి, దగ్గి, మెడ నరాలు బిగించి. దగ్గు కూడా వాడిదే. అమ్మ యాస ప్రయత్నించాడు, పొలం గట్టు మీద పిల్లల్ని పిలిచే కూత, ఆ కూతలోకి కూడా వాడు కోటు వేసుకుని వచ్చి నిలబడ్డాడు. పోనీ అంకెలు. నిన్నటిదాకా అంకెల్లో తను మిగిలి ఉన్నాడు, అది ఒక్కటే దాచుకున్న చోటు, అక్కడికి సెవెరీనో ఎన్నడూ రాలేదు కదా, వాడికి దొరికినవి మాటలే. ముప్పై తొమ్మిది అన్నాడు. నలభై. వడ్రంగులూ, పిండీ, నదీ, ఎండా అన్నీ వచ్చాయి కళ్ళ ముందుకి, తను తప్ప. ఆ నున్నటి గొంతు ఓపిగ్గా అంకెలు చెబుతోంది, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు.

ఇక ఒక్కటే దారి మిగిలింది, వారం నుంచీ అదే పట్టుకుని వేలాడుతున్నాడు. గొంతు సొంతదారు పోయాడు, కానీ వాడి మనిషి ఉంది, ఇవాళ ఈ గోడల మధ్యే ఉంది. ఆవిడ ముందు ఆ మాట అంటాడు. ఆవిడ వింటుంది, మొగుడు గుర్తొస్తాడు, ఏడుస్తుంది, ఏడ్చి తీసుకుపోతుంది. ఎవరిది వాళ్ళకి అప్పజెప్పితే తన నోరు తనకి ఖాళీ అవుతుంది. ఆ ఖాళీలో తనది తిరిగి వస్తుందా. వస్తుంది. అసలు సెవెరీనోని అతను చూసింది ఒకేసారి, రోములో డబ్బింగు స్టూడియో ఎదురు హోటల్లో, పొట్టి మనిషి, మోచేతులు బల్ల మీద పెట్టి ఆర్టిచోక్ అనే కూరమొగ్గని రెక్క రెక్క ఒలుచుకు తింటున్నాడు. క్వింతో వెళ్ళి నిలబడ్డాడు, తిడదామనే వెళ్ళాడు. అతను తల పైకెత్తి చూసి, నూనె వేళ్ళు తుడుచుకుని, లేచి, చెయ్యి గొంతు మీద పెట్టుకుని నమస్కరించాడు. ఒక్క మాట లేదు. జలుబు కాబోలు, గొంతు కాపాడుకుంటున్నాడు అన్నారు పక్కవాళ్ళు. కానీ ఆ కళ్ళలో ఉన్నది జలుబు కాదు. అప్పుల వాడిని చూసినట్టు కూడా కాదు. దారిలో ఎదురుపడ్డ కుక్క కరవకుండా పోతే చాలన్నట్టు చూశాడు.

లేచాడు. తలుపు తీశాడు. నడవాలో సున్నం వాసన, తాళ్ళ వాసన, తెర అవతల జనం వచ్చి కూర్చుంటున్న చప్పుడు, వానకి ముందు ఆకుల్లా. దేవుడా, నలభై ఆరేళ్ళలో ఆ చప్పుడు అతన్ని భయపెట్టలేదు. వాళ్ళంతా వచ్చింది అతన్ని చూడ్డానికి, వాణ్ణి వినడానికి. ఇవాళ ఇద్దరూ వాళ్ళకి ఒకే చోట దొరుకుతారు, ఎంత సంతోషిస్తారో, ఎలా లేచి నిలబడి చప్పట్లు కొడతారో ఇప్పుడే వినబడుతోంది. ఆ చప్పట్లు పడ్డాక ఇక వాడు ఎందుకు పోతాడు. అంతకుముందే పంపించెయ్యాలి.

వసారాలో కొత్త రాయి, సెవెరీనో పేరు, కింద రిబ్బను లేని పూలబుట్ట. ఆవిడ గోడవారన కుర్చీలో కూర్చుని ఉంది, ఎర్సీలియా, నల్ల కోటు, ఒళ్ళో మిఠాయి పొట్లం, పనిచేసిన పెద్ద చేతులు. తాంక్రెది పక్కన నిలబడి ఏదో మర్యాద మాట్లాడుతున్నాడు. నీవెస్ చీపురుతో రిబ్బను పోగులు ఊడుస్తోంది. వేషంలో ఉన్న మనిషి ఆట ముందు జనంలోకి రాకూడదు, తాంక్రెది చెయ్యి ఎత్తబోయి ఆగాడు. క్వింతో ఆవిడ ఎదుట నిలబడ్డాడు, వంగాడు, ఊపిరి పీల్చాడు, వాడు పీల్చే చోటే.

"తలుపెయ్యి," అన్నాడు. "వచ్చింది ఎవరో నేను చూసుకుంటాను."

ఎంత బాగా వచ్చిందంటే, నీవెస్ చేతిలో చీపురు ఆగింది. తాంక్రెది కళ్ళు తడిశాయి. ఎర్సీలియా చేతులు మాత్రం కదలలేదు. అతను ఆ చేతులే చూస్తున్నాడు. అవి పొట్లం అంచుని కాస్త బిగించి పట్టుకున్నాయి.

"మీ ఆయనదమ్మా," అన్నాడు అదే గొంతుతో, వేరేది లేదు కనక. "చలికాలం నుంచీ నా దగ్గరే ఉండిపోయింది. మీది మీరు తీసుకోండి."

ఆవిడ అతన్ని కిందనుంచి పైదాకా చూసింది, పుచ్చిన కాయని చేతిలోకి తీసుకోవాలా వద్దా అని చూసినట్టు.

"మా ఆయనది పీల గొంతు బాబూ. ఇంట్లో నలభై ఏళ్ళు దాంతోనే నన్ను తిట్టాడు, దాంతోనే చచ్చిపోయాడు. ఈ గొంతు నేను సినిమాలోనే విన్నా, విని జడుసుకున్నా. ఇదెక్కడిదయ్యా అని అడిగితే, ఆ నటుడి నోరు తెరుచుకుంటే లోపల ఉంది, నేను ఉన్నది ఉన్నట్టు చెప్పానంతే అన్నాడు. మళ్ళీ నీ పక్కకి రాలేదు. అది మాది కాదు. నా మీదకి తోయకు."